గాలి పడగొట్టిన తోట, నిప్పు కాల్చిన తోట: కర్రను దక్కించుకోవడం ఎలా

మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఎనిమిదో తేదీ పొద్దున్నే మా సరుగుడు తోపు గట్టు మీద కర్ర బేరగాడు వచ్చి నిలబడ్డాడు. మూడున్నరేళ్ళ తోట. కొన్ని వరసలు నేలకు ఒరిగాయి, కొన్ని వాలాయి, మధ్యలో నిక్షేపంగా నిలబడినవీ ఉన్నాయి. అన్నిటికీ కలిపి గుత్తగా ఒక రేటు చెప్పాడు. మా నాయన ఆ తోటను చూసి గుండె చెదిరి ఉన్నాడేమో, మారు మాట్లాడకుండా ఒప్పేసుకున్నాడు. పక్క చేలో పెదనాయన బేరం పెట్టలేదు. ఏడాది మొక్కల్లో వేరు తెగకుండా వాలినవాటిని నేల తడి ఆరకముందే లేపించి, మొదట్లో మన్ను తొక్కించి, గుంజలకు కట్టించాడు. పెద్ద తోటలో విరిగినవి మాత్రం ముందు అమ్మాడు. లేపిన మొక్కల్లో చాలా భాగం నిలదొక్కుకున్నాయి.

అందుకే నేను మొదట చెప్పేది ఇది: చెట్లను లెక్కపెట్టకుండా రేటు మాట్లాడకండి. ఏ చెట్టు చచ్చింది, ఏది బతుకుతుంది, ఏది నాలుగు రోజుల్లో పాడవుతుంది, ఏది రెండు నెలలు ఆగుతుంది అన్నది మీకు తెలిస్తే బేరం మీ చేతిలో ఉంటుంది.

ఇక్కడ రాస్తున్నది పట్టా భూమిలోని సొంత తోటల గురించే. నెల్లూరు, ఒంగోలు వైపు తీరంలో ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు మీదుగా ఉలవపాడు, సింగరాయకొండ, కొత్తపట్నం దాకా ఇసుక నేలల్లో ఉన్న సరుగుడు (సవక అనేవాళ్ళూ ఉన్నారు), ఒంగోలు చుట్టుపక్కల సుబాబుల్, జామాయిల్, ఇంకా గట్ల మీద వేప, తుమ్మ, టేకు. అడవి సంగతి వేరు. యర్రగొండపాలెం వైపు నల్లమలలో గానీ, ఉదయగిరి, రాపూరు వైపు వెలిగొండల్లో గానీ కాలినా కూలినా ఆ చెట్టు ప్రభుత్వానిది. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద దాన్ని తేవడం నేరం. అభయారణ్యంలో ఎండుకొమ్మ కూడా ముట్టుకోకూడదు. ఎర్రచందనం అయితే మరీ జాగ్రత్త. అది మీ సొంత పట్టాలో గాలికి విరిగి పడినా సరే, అటవీ శాఖ వాళ్ళకు చెప్పి కాగితం తీసుకోనిదే రంపం పెట్టకండి.

తోపులోకి అడుగు పెట్టే ముందు

గాలివాన తర్వాత అయితే ముందుగా కరెంటు తీగలు చూడండి. చెట్టు కింద నలిగి, ఆకుల్లో కలిసిపోయిన తీగ కంటికి ఆనదు. తీగ తెగినట్టు కనిపించినా, స్తంభం ఒరిగినట్టు కనిపించినా 1912కి ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి లైను తీశామని చెప్పేదాకా ఆగండి. ఊరంతా కరెంటు లేదు కదా అని ధైర్యం చేయకండి. ఎవరింట్లోనో జనరేటరు తప్పుగా కలిపి ఉంటే తీగలోకి వెనక నుంచి కరెంటు వస్తుంది.

నిప్పు తర్వాత అయితే ప్రమాదం కాళ్ళ కింద ఉంటుంది. సరుగుడు తోపులో సూదుల్లాంటి ఆకు ఏళ్ళ తరబడి రాలి మెత్తగా పేరుకుంటుంది. పైమంట ఆరినా ఆ ఆకు కింద, ఎండిన మొద్దుల వేర్ల వెంట నిప్పు రోజుల తరబడి కుములుతూనే ఉంటుంది. వేరు కాలిపోయిన చోట నేలలో గొయ్యి పడి, పైన బూడిద కప్పి ఉంటుంది. అడుగు వేస్తే మోకాలి దాకా నిప్పులోకి దిగుతుంది. చేతిలో గడకర్ర పట్టుకొని, ముందు దానితో పొడిచి చూసి అడుగు వేయండి. రబ్బరు చెప్పులతో వెళ్ళకండి. మొద్దు దగ్గర అరచేతి వెనకభాగం ఆనించీ ఆనించకుండా పెడితే వేడి తెలుస్తుంది. వేడి ఉంటే నీళ్ళు పోసి, పారతో కలిపి, మళ్ళీ పోయాలి. పైన ఇసుక కప్పి వదిలేస్తే లోపల కుములుడు ఆగదు.

కాగితం పని

రంపం పెట్టకముందే ఫొటోలు తీయండి. తోటను నాలుగు మూలల నుంచి, విరిగిన చెట్లను దగ్గర నుంచి, సర్వే రాయో పక్క ఇల్లో కనిపించేలా. వీఆర్వోకూ, రైతు సేవా కేంద్రంలోనూ చెప్పి నష్టం రాయించుకోండి. నిప్పు అయితే అగ్నిమాపక కేంద్రం వాళ్ళు వచ్చి వెళ్ళినట్టు కాగితం అడగండి. కొట్టేశాక వచ్చిన అధికారికి మోళ్ళు తప్ప చూపించడానికి ఏమీ ఉండదు.

2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల పరిరక్షణ) చట్టం కింద చెట్లు కొట్టడానికి అనుమతి కావాలి. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ లాంటి తోట పంటలకు లెక్క వేరు, టేకు, వేప, చింత లాంటివాటికి వేరు. దుంగలు లారీలో తీసుకుపోవడానికి కొన్ని జాతులకు అటవీ శాఖ పర్మిట్టు కూడా ఉండాలి. మీ తోటలో ఏయే జాతులు పడ్డాయో ఒక కాగితం మీద రాసుకొని అటవీ రేంజి ఆఫీసుకు వెళ్ళి, ఒక్కొక్కదానికీ విడిగా అడగండి. "గాలికి పడిందే కదా" అన్న మాట చెక్‌పోస్టులో చెల్లదు.

బతికిందా, చచ్చిందా

సున్నపు డబ్బా ఒకటి, రంగు డబ్బా ఒకటి పట్టుకొని వరస వరసా నడవండి. పక్కన ఒకరు పుస్తకంలో గీతలు పెడుతూ ఉండాలి. విరిగినవి, వేళ్ళతో లేచి పడినవి, వాలినవి, బాగున్నవి అని నాలుగు లెక్కలు. కాలిన తోటలో అయితే మాడినవి, సగం మాడినవి, కిందిభాగం మాత్రమే నల్లబడినవి.

కాలిన చెట్టును రంగు చూసి తేల్చకండి. నల్లగా బొగ్గులా కనిపించే బెరడు కింద చెట్టు బతికి ఉండొచ్చు, పైకి గోధుమరంగు మాత్రమే తిరిగిన పలుచని బెరడు కింద చచ్చి ఉండొచ్చు. బెరడుకీ చెక్కకీ మధ్య పలుచని తడి పొర ఒకటి ఉంటుంది. చెట్టు లావెక్కేది దానివల్లే. దాన్ని చూడాలి. చెట్టు మొదట్లో, నేలకు జానెడు పైన, నాలుగు దిక్కులా కత్తిమొనతో బొటనవేలి గోరంత బెరడు లేపండి. లోపల తెల్లగా గానీ, లేత పచ్చగా గానీ, తడిగా జారుతూ ఉంటే ఆ పక్క బతికుంది. గోధుమరంగు తిరిగి, పొడిగా ఉన్నా, పులిసిన వాసన వేసినా ఆ పక్క చచ్చింది. నాలుగు పక్కలా చచ్చి ఉంటే చెట్టు నడుముకు ఉరి బిగిసినట్టే. పైన ఆకు ఇంకా పచ్చగా కనిపించినా కొన్ని వారాల్లో ఎండుతుంది. మూడు పక్కలు చచ్చినదాన్ని కూడా కొట్టే లెక్కలోనే రాసుకోండి. రెండు పక్కలు బాగుంటే నెలా నెలన్నర ఆగి మళ్ళీ చూడండి.

జాతిని బట్టి ఓపిక పట్టాలి. సరుగుడుకు బెరడు పలుచన, నిప్పుకు త్వరగా లొంగుతుంది. దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. జామాయిల్ అలా కాదు. ఆకంతా మాడి మోడులా నిలబడ్డ చెట్టు నెల తిరక్కుండానే కాండం మీదా మొదట్లోనూ చిగురు వేయగలదు. సుబాబుల్ పైన చచ్చినా మొదట్లో పిలకలు తోస్తుంది. తాడిచెట్టును మాత్రం మట్టలు కాలాయని కొట్టకండి. నడినెత్తిన మొవ్వు బాగుంటే మళ్ళీ ఆకు వేస్తుంది.

ఏది ముందు, ఏది తర్వాత

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. దారికి దగ్గరగా ఉన్నవి ముందు కొట్టించి, లోపలివి తర్వాత చూద్దామనుకుంటారు. దారి ఇవ్వడానికి ఒక వరస తీయడం తప్పదు గానీ, ఆ తర్వాత వరస పాడయ్యే వేగాన్ని బట్టి నడవాలి.

నడుం విరిగి, మొదలుతో సంబంధం తెగిపోయిన చెట్టు అన్నిటికంటే ముందు. అది కొట్టిపడేసిన కర్రతో సమానం, ఆ రోజు నుంచే ఎండడం, పుచ్చడం మొదలవుతుంది. చావు ఖాయమని తేలిన కాలిన చెట్టు ఆ తర్వాత. వేళ్ళతో లేచి పడిన చెట్టుకు ఇంకా కొన్ని వేళ్ళు నేలలో ఉంటే అది నీరు పీలుస్తూనే ఉంటుంది, లోపల కర్ర తాజాగా ఉంటుంది. దాన్ని కొన్ని వారాలు ఆపవచ్చు. వేళ్ళు పూర్తిగా తెగకుండా వాలినది చివరికి. ఏడాది లోపు మొక్కయితే అసలు కొట్టొద్దు, లేపి కట్టండి.

జాతుల్లో మామిడి తొందర పెడుతుంది. తెల్లటి మెత్తటి చెక్క కనక తడి గాలికి పది పదిహేను రోజుల్లో నల్లమరకలు పడి, పెట్టెల చెక్కకు కూడా రేటు తగ్గిస్తారు. సుబాబుల్ చెక్కలో పిండి పదార్థం ఎక్కువ, పుచ్చుపురుగుకు అది విందు భోజనం. మొదలు దగ్గర పిండిలా పొడి రాలుతుంటే పురుగు దిగిందని అర్థం. చింత, వేప, నల్లతుమ్మల్లో బయటి తెల్లచెక్కకు పుచ్చు త్వరగా పడుతుంది గానీ, లోపలి చేవ గట్టిది. టేకు చేవ ఎక్కువ కాలం ఆగుతుంది. దాని కోసం కంగారుపడి తక్కువకు ఇవ్వాల్సిన పని లేదు.

కాగితం మిల్లుకు పోయే కర్రను టన్నుల్లో కొంటారు. పచ్చికర్ర బరువులో ఇంచుమించు సగం నీరే. ఎండిన ప్రతి రోజూ మీ జేబులోంచి పోతుంది. కొట్టాక లారీ కుదుర్చుకోవడం కాదు, లారీ కుదిరాక కొట్టించండి. ఒక రోజులో ముఠా ఎంత కొట్టగలదో, కాటాకు ఎంత తోలగలరో అంతే కొట్టించండి.

కొట్టేటప్పుడు

నిలబడిన చెట్టును కొట్టడం చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళు కూడా పడిన చెట్టు దగ్గర దెబ్బతింటారు. పడిన చెట్టులో బిగువు దాగి ఉంటుంది. ఎటువైపు నొక్కుడు, ఎటువైపు లాగుడు అన్నది చూసుకోకుండా ఒక్క కోత కూడా కోయకండి.

రెండు చోట్ల ఆనుకొని మధ్యలో గాలిలో ఉన్న దుంగకు పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. పైనుంచి మూడో వంతు లోపే కోసి, మిగతాది కింది నుంచి కోయాలి. పూర్తిగా పైనుంచే కోస్తే రంపం బిగుసుకుపోతుంది. ఒక చివర ఆనుకొని, రెండో చివర గాలిలో ఉన్నదానికి సరిగ్గా తిరగేసి: కింద కాస్త, ఆపైన పైనుంచి.

కొన విరిగిన కొమ్మల కింద ఇరుక్కొని విల్లులా వంగిన సన్నచెట్టు అన్నిటికన్నా మోసం చేస్తుంది. అది తెగిన క్షణంలో వంపు బయటివైపుకు తన్నుతుంది. పళ్ళూ దవడా పోయినవాళ్ళను నేను చూశాను. వంపు బయటివైపు ఎవరినీ నిలబడనివ్వకండి. లోపలివైపు పక్కగా నిలబడి, బిగువు ఎక్కువున్న చోట కొద్దికొద్దిగా పలుచగా చెక్కుతూ పోతే బిగువు నెమ్మదిగా వదులుతుంది. ఒక్క వేటుతో తెంచకూడదు.

వేళ్ళతో లేచిన చెట్టుకు వెనక మట్టిపెళ్ళ గోడలా నిలబడి ఉంటుంది. కాండం కోసి బరువు తీసేయగానే ఆ పెళ్ళ మొద్దుతో సహా గోతిలోకి తిరిగి పడిపోతుంది. ఆ గోతిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, మేకలు నీడకు దూరతాయి. కోసే ముందు ప్రతిసారీ వెనక్కి వెళ్ళి చూడండి. మొద్దుకు కనీసం మూడు నాలుగడుగుల కాండం వదిలి కోయండి. అవసరమైతే మోకుతో పెళ్ళను వెనక చెట్టుకు కట్టండి.

ఒక చెట్టు మీద ఇంకో చెట్టు ఆనుకొని ఆగిపోతే దాని కిందికి ఎవరూ వెళ్ళకూడదు. ఆపుతున్న చెట్టును కొట్టడం అసలు కూడదు. పొడుగు మోకు కట్టి, ట్రాక్టరుతో పక్కకు లాగించండి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో మనుషులు ఉండాలి.

బాగా వాలిన నిలువు చెట్టును వెనకనుంచి నేరుగా కోస్తే సగం కోత పడకముందే కాండం నిలువునా చీలి, చీలిన ముక్క కోసేవాడి ఛాతీ మీదికి లేస్తుంది. కోతకు పైన గొలుసుతో గట్టిగా రెండు మూడు చుట్లు కట్టి, పక్కకు నిలబడి, ముందు వాలువైపు చిన్న గంటు పెట్టి తర్వాత వెనకవైపు కోయాలి. ఇది కొత్తవాళ్ళ పని కాదు. పాత మేస్త్రీ లేకపోతే ఆ చెట్టును వదిలి పక్కదానికి పొండి.

మోటారు రంపం పట్టినవాడికి తలకు హెల్మెట్టు, కళ్ళకు అద్దాలు, కాళ్ళకు బూట్లు ఉండాలని చెప్పండి, లేకపోతే మీరే కొనివ్వండి. ఒక్కడినే తోపులోకి పంపకండి. గాలి మళ్ళీ లేస్తే పని ఆపేయండి, ఎందుకంటే పైన వేలాడే విరిగిన కొమ్మ ఎప్పుడు జారుతుందో చెప్పలేం.

కాలిన కర్రకు విడిగా నాలుగు మాటలు

బూడిద, ఇసుక కలిసిన బెరడు రంపం పళ్ళను గంటలో మొద్దుబారుస్తుంది. కోసే చోట గొడ్డలితో చుట్టూ బెరడు చెక్కి, శుభ్రమైన చెక్క మీద రంపం పెట్టండి. ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకోండి.

మిల్లు కర్రకు బొగ్గు పెద్ద గండం. ఎంత ఉడికించినా బొగ్గు కరగదు, కాగితంలో నల్లచుక్కలుగా మిగిలిపోతుంది. అందుకే మసిపట్టిన కర్రను చూడగానే తిప్పి పంపుతారు. మీ సుబాబుల్, జామాయిల్ పైపైన కాలి ఉంటే చెక్కు పూర్తిగా తీసి, బొగ్గు కనిపించకుండా శుభ్రం చేసి తోలండి. బెరడు దాటి చెక్కే బొగ్గయిన ముక్కలను విడిగా పెట్టి వంటచెరకుకు అమ్మండి. రెండూ కలిపితే మొత్తం లారీకి రేటు పడిపోతుంది. చెక్కు త్వరగా తీస్తే ఇంకో లాభం, బెరడు కింద గుడ్లు పెట్టే పురుగుకు చోటుండదు.

సర్కారు తుమ్మ కాలిపోతే పెద్దగా బాధపడనక్కర్లేదు. బొగ్గు బట్టీలవాళ్ళు కొంటారు, మొదట్లోంచి అది ఎలాగూ లేస్తుంది.

దాచడం, అమ్మడం

గాలికి బాగా ఊగి విరిగిన సరుగుడు బాదుల గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వంగినప్పుడు లోపలివైపు నార నలిగి తెగుతుంది. బయటికి అడ్డంగా సన్న గీతలా కనిపిస్తుంది, ఒక్కోసారి అదీ కనిపించదు. అలాంటి బాదును సెంట్రింగుకు గానీ, సారవకు గానీ అమ్మకండి. దాని మీద ఎక్కే మనిషికి అది విరుగుతుందని తెలియదు. విరిగిన చోటికి పైనా కిందా మూడేసి అడుగులు వంటచెరకులో వేయండి, మిగతాది కూడా మిల్లుకో పొయ్యికో ఇవ్వండి. రేటు తక్కువ రావచ్చు. రానివ్వండి.

చేవ చెట్ల దుంగలను వెంటనే అమ్మలేకపోతే నేల మీద పడేయకండి. కింద రెండు మొద్దులు వేసి జానెడు ఎత్తున పేర్చి, నీడలో ఉంచి, రెండు చివరలకూ పాత పెయింటు గానీ, పేడమట్టి గానీ మందంగా పూయండి. చివరల నుంచి నీరు త్వరగా పోవడం వల్లే నెర్రెలు పడతాయి. వేప, తాటి దుంగలను చెరువులో ముంచి ఉంచడం మన పెద్దలు చేసిన పనే. నీళ్ళలో ఉన్నంతకాలం పుచ్చుపురుగు చేరదు, చెక్కలోని పిండి పదార్థం కూడా కొంత కరిగిపోతుంది.

కొలత మీరే వేసుకోండి. దుంగ నడిమధ్య చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేస్తే ఘనపుటడుగులు. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులు అయితే 10 ఘనపుటడుగులు. ఈ లెక్కలో అసలున్న కర్రకంటే ఐదో వంతుకు పైగా తక్కువే వస్తుంది, తరుగు అందులోనే పోయిందన్నమాట. దాని మీద బేరగాడు మళ్ళీ తరుగు అడిగితే ఒప్పుకోకండి. కాలిన దుంగకు మాత్రం బొగ్గు చెక్కాకే టేపు పెట్టడం న్యాయం. టన్నుల బేరమైతే ఖాళీ లారీ కాటా చిట్టీ, నిండు లారీ కాటా చిట్టీ రెండూ అదే రోజువి మీ చేతికి రావాలి.

ఏం వదలాలి, ఏం చిగురించాలి

సముద్రానికి దగ్గరి ఇసుక దిబ్బల మీద మొద్దులు పెకలించకండి. ఆ వేళ్ళే ఇసుకను పట్టి ఉంచుతున్నాయి. కొమ్మా రెమ్మా కొంత వరసల మధ్య పరిస్తే కాలిన ఇసుకకు నీడ దొరుకుతుంది, గాలికి ఇసుక లేవదు. గట్టు దగ్గర, దారికి దూరంగా ఒకటి రెండు ఎండుమోళ్ళను నిలబెట్టండి. గుడ్లగూబలు వాలడానికి చోటు దొరికితే పక్క వరిచేలో ఎలుకలు తగ్గుతాయి. పురుగు పట్టిన కొమ్మలను మాత్రం తోటలో ఉంచకుండా వంటచెరకుగా బయటికి తోలండి.

సుబాబుల్, జామాయిల్ మోళ్ళను నేలకు జానెడు లోపు ఎత్తులో, నీరు నిలవకుండా ఏటవాలుగా, బెరడు చీలకుండా రంపంతో కోయండి. గొడ్డలితో నరికితే బెరడు ఊడి పిలకలు బలంగా పట్టవు. పిలకలు గుంపుగా వస్తాయి. మనిషెత్తు అయ్యాక ఒక్కో మోడుకు గట్టిగా, ఎదురెదురుగా ఉన్న రెండింటిని ఉంచి మిగతావి తీసేయండి. అప్పటిదాకా చుట్టూ ముళ్ళకంప వేసి కాపలా ఉండండి. సుబాబుల్ చిగురు కనిపిస్తే మేకలు ఒక్క పూటలో మొదలు దాకా మేసేస్తాయి.